తల్లి ద్వారా కరిగిన ఐసుగడ్డ

“అన్నీ బాగానే ఉన్నాయి గానీ, మంత్రిగారు వచ్చేలోపల ఆ ఐసుగడ్డ కరిగిపోతే ఎలాగండీ?” అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. నా భయాలు మామూలుగా మా ఇంటి గడప దాటవు. మా ఆయన ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తాడు కాబట్టి వాటివల్ల ప్రభుత్వానికి ఏ ఇబ్బందీ ఉండదు. ఈ ఒక్కటి మాత్రం బడి హాల్లో, తల్లిదండ్రుల మీటింగులో, విద్యాశాఖ అధికారిగారి ఎదుట జారిపడింది.

అప్పుడే ఆయన సర్క్యులర్ చదవడం ముగించి కళ్లజోడు తుడుచుకుంటున్నారు. ‘చూసి తెలుసుకో’ అనే మహత్తర కార్యక్రమం మొదలవుతోందట. ఇకమీదట రెండో తరగతి పిల్లలు బట్టీ పట్టరు. వస్తువును కళ్లతో చూస్తారు, చేత్తో ముట్టుకుంటారు. అది గట్టిదో మెత్తదో, కరుగుతుందో కరగదో ఆధారంతో సహా చెబుతారు. మొదటి పాఠం ఐసుగడ్డ. దాన్ని మా బడిలో మంత్రిగారే స్వయంగా ప్రారంభిస్తారు. పళ్లెంలో ఐసు పెడతారు, అది కరుగుతుంది, ఏం జరిగిందో పిల్లలు చెబుతారు, ఫొటోలు తీస్తారు.

అధికారిగారు కళ్లజోడు పెట్టుకుని నావైపు చూశారు.

“మీరు ఎంతవరకు చదివారమ్మా?”

“ఏడో తరగతండి. అది కూడా తప్పాను.”

“విన్నారా హెడ్మాస్టారూ. పదిహేడుమంది నిపుణులు ఆరు నెలలు కూర్చుని తయారుచేసిన కార్యక్రమం ఇది. ఐసు కరిగే ప్రమాదం ఉందని ఒక్కరికీ తట్టలేదు.”

రెండో తరగతి టీచరమ్మ చిన్నపిల్ల, కొత్తగా చేరింది. “కరగడమే కదా సార్ పాఠం?” అంది.

“కరగొద్దని ఎవరన్నారమ్మా? మంత్రిగారు వచ్చాక కరగాలి. ముందే కరిగితే దాన్ని క్రమశిక్షణ అనరు.”

సాయంత్రానికల్లా ఐసు పరిరక్షణ ఉపసంఘం ఏర్పడింది. కన్వీనర్ని నేనే. సభ్యురాలిని కూడా నేనే. బాత్రూమ్ తలుపు గడియ పడి లోపలే ఉండిపోతానేమోనని బకెట్ అడ్డం పెట్టుకుని స్నానం చేసే మనిషికి ప్రభుత్వం పదవి ఇచ్చింది.

నిజం చెప్పొద్దూ, నా అసలు భయం ఐసు గురించి కాదు, మా అమ్మాయి పిట్ట గురించి. పుట్టినప్పుడు కిచకిచలాడుతుందని ఆశపడి ఆ ముద్దుపేరు పెట్టుకున్నాం. ఏడేళ్లు నిండాయి, బడిలో ఇంతవరకు నోరు విప్పలేదు. ఇంట్లో కూడా మాటలు లెక్కపెట్టి వాడుతుంది. ఏదైనా అడిగితే ఆ వస్తువు వైపు అలా చూస్తూ ఉండిపోతుంది. “ఏడాది ముగిసేలోపల పదిమందిలో ఒక్కమాటైనా మాట్లాడకపోతే ఇదే తరగతిలో ఉంచేస్తామమ్మా” అని హెడ్మాస్టారు అప్పటికే రెండుసార్లు చెప్పారు. నేను ఏడులో ఆగిపోయాను. ఇది రెండులోనే ఆగిపోతే మా వంశం ఎటు పోతున్నట్టు?

అధికారిగారికి ఈ సంగతి తెలిసింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

“మాట్లాడని పిల్ల మాట్లాడితే, కార్యక్రమం పనిచేసిందనడానికి అంతకంటే ఆధారం ఏం కావాలి?” అని పిట్ట పేరిట ఒక ఫారం తయారుచేయించారు. అందులో ఒకటే గడి. ‘మాట్లాడిందా: అవును / కాదు’. ‘అవును’ అని పడితే పిల్ల మూడో తరగతికి వెళ్తుంది. చెప్పాల్సింది కూడా ఒకటే ముక్క: “ఐసు కరిగి నీరైందండి.”

పది రోజులు సాధన చేయించాను. గుప్పెడంత గిన్నెలో నీళ్లు గడ్డ కట్టించి, పళ్లెంలో పెట్టి “చెప్పమ్మా” అనేదాన్ని. పిట్ట పళ్లెం ముందు కూర్చుని, అది పూర్తిగా కరిగేదాకా చూసి, నీళ్లలో వేలు ముంచి, నావైపు తిరిగి తల ఊపేది.

“తల కాదే, నోరు” అంటే మళ్లీ నీళ్లవైపు చూసేది.

టీచరమ్మ దగ్గరికి వెళ్లి మొర పెట్టుకున్నాను.

“దాని తప్పేం లేదండీ” అందావిడ. “చూడకుండా చెప్పొద్దు, తొందర లేదు, చూసే చెప్పండి అని నేనే నేర్పాను. క్లాసులో ఆ మాట విన్నది మీ అమ్మాయి ఒక్కతే.”

నాకు ధైర్యం చెప్పాలనుకుని అలా అంది కాబోలు. ఇంటికొచ్చి ఆ మధ్యాహ్నమంతా, కుట్టుకూలికి తెచ్చుకున్న చొక్కాలకు గుండీలు తలకిందులుగా కుట్టాను.

మంత్రిగారు పదింటికి రావాలి. తొమ్మిదిన్నరకే నేను స్టీలు డబ్బాలో ఐసు పట్టుకుని హాల్లో నిలబడ్డాను. కిటికీలు మూయించాం. గాలికి కరుగుతుందని ఫ్యాన్లు ఆపించాం. పిల్లలు ఐసువైపు ఊపిరి వదలరాదని హెడ్మాస్టారు మైకులో ప్రకటించారు. ముందు వరుసలో పాతికమంది పసివాళ్లు ముఖాలు పక్కకు తిప్పుకుని ప్రకృతిని పరిశీలిస్తున్నారు.

పదకొండుకి మొదటి గడ్డ నీరైంది. “ఎవరూ చూడకండి” అని హెడ్మాస్టారు దాన్ని కిటికీలోంచి పారబోశారు. పన్నెండుకి రెండోది పోయింది. ఎదురుగా ఉన్న కూల్‌డ్రింక్ షాపుకీ బడికీ మధ్య నేను నాలుగుసార్లు పరుగెత్తాను. ఐదోసారి షాపాయన చేతులెత్తేశాడు.

“ఉన్నదంతా ఊడ్చి ఇచ్చేశానక్కా. ఇంక నా దగ్గర ఐసు లేదు.”

నాకు కళ్లముందు ఆ ఫారం, అందులో ‘కాదు’ అనే మాట కనిపించాయి. అక్కడే బల్లమీద కూలబడ్డాను. ఆయనకు జాలేసింది. షాపు ముందు అద్దాల పెట్టెలోంచి, అలంకారానికి పెట్టిన ప్లాస్టిక్ ఐసుగడ్డ తీశాడు. గుప్పెడంత ఉంది. లోపల బుడగలు, పైన తడి మెరుపు, అచ్చం అసలుదే.

“ఇది తీసుకెళ్లండి. ఎనిమిదేళ్లుగా ఎండలో ఉంది, చుక్క కారలేదు. సాయంత్రానికి మాత్రం నాది నాకు ఇచ్చేయాలి.”

తప్పని తెలుసు. అయినా తీసుకున్నాను. అధికారిగారి చేతికిచ్చి, ఇది ప్లాస్టిక్కని చెప్పాను. ఆయన బల్లమీద కొట్టి చూశారు. టక్కుమంది.

“దృఢంగా ఉంది” అన్నారు. “ఇలాంటిది ముందే తేవచ్చు కదమ్మా.”

ఒంటిగంటన్నరకు మంత్రిగారు వచ్చారు. గడ్డను స్వహస్తాలతో పళ్లెంలో పెట్టి, దానివైపు వీపు తిప్పి, నలభై నిమిషాలు మాట్లాడారు. కళ్లారా చూడనిదే తాను దేన్నీ నమ్మనన్నారు. చిన్నప్పుడు వాళ్లమ్మ చెప్పినా నమ్మలేదన్నారు. అంత గొప్ప ఉపన్యాసం నేను వినలేదు. అప్పుడు కూడా వినలేదు, నా చూపంతా పిట్టమీదే ఉంది. అది పళ్లెం పక్కనే నిలబడి, నలభై నిమిషాలూ రెప్ప వేయకుండా ఆ గడ్డనే చూస్తోంది.

“పిల్లలూ, ఐసుకు ఏం జరిగింది?” అన్నారు మంత్రిగారు.

“కరిగి నీరైందండీ” అని హాలంతా ఒక్క గొంతుతో మోగింది.

“శభాష్.” ఆయన పిట్టవైపు వంగారు. “నువ్వు చెప్పు తల్లీ. ఏం జరిగింది?”

పిట్ట పళ్లెంలోకి చూసింది. గడ్డను వేలితో ముట్టుకుంది. ఎత్తి దాని కింద చూసింది. మళ్లీ పెట్టేసింది. ఫొటోలాయన కెమెరా ఎత్తి, దించి, మళ్లీ ఎత్తాడు. హెడ్మాస్టారు రుమాలుతో మెడ తుడుచుకున్నారు. అధికారిగారి పెన్ను ఫారం మీద ‘అవును’ దగ్గర కాసేపు ఆగి, మెల్లగా ‘కాదు’ వైపు జరగడం మొదలుపెట్టింది.

“కరిగిందండి” అని ఎవరో అన్నారు.

హాలంతా నావైపు తిరిగాక, ఆ గొంతు ఎవరిదో నాకు తెలిసింది. పిట్ట కూడా తిరిగి చూసింది. పళ్లెంలోకి చూసినట్టే, నా ముఖంలోకి చాలాసేపు చూసింది.

చప్పట్లు మోగాయి. మంత్రిగారు చేయి ఊపి కారెక్కారు. అధికారిగారు ‘అవును’ కొట్టి, ఆయన చాలా నిజాయితీపరుడు కాబట్టి, పక్కనే బ్రాకెట్లో ‘తల్లి ద్వారా’ అని రాశారు.

జనం పలచబడ్డాక చూస్తే పళ్లెం ఖాళీ.

“చూశారా, కరిగింది” అన్నారు అధికారిగారు.

టీచరమ్మ పళ్లెం ఎత్తి చూసింది. “మరి నీళ్లేవి సార్?”

“ఆవిరయ్యాయి. ఒక్క పీరియడ్‌లో రెండు మార్పులు. రాసుకోండమ్మా.”

మర్నాడు పేపర్లో అదే వచ్చింది. మీలో చాలామంది చదివే ఉంటారు.

ఆ గడ్డ నాకు మంత్రిగారు వచ్చిన రోజు సాయంత్రమే దొరికింది. ఉతుకుదామని పిట్ట యూనిఫాం విప్పితే జేబు బరువుగా వేలాడుతోంది. పోలీసులు, కోర్టు, ఏడేళ్ల పిల్లకు ఎన్నేళ్లు వేస్తారో, అన్నీ ఆలోచించాను. ఈలోగా పిట్ట దాన్ని నా చేతిలోంచి తీసుకుని, మా పళ్లెంలో పెట్టి, పళ్లెం కిటికీ గట్టుమీద ఎండలో పెట్టి, ఎదురుగా కూర్చుంది.

ఆ రోజు నుంచి ఇంట్లో కూడా ఒక్కమాట లేదు.

మర్నాడు పొద్దున్నే షాపాయన వచ్చాడు. “అక్కా, నా ఐసేది?”

బడిలో అడగమన్నాను. అక్కడ హెడ్మాస్టారు సంతకాలున్న రిపోర్టు చూపించి, అది కరిగి, నీరై, ఆవిరైందన్నారట.

“ప్లాస్టిక్కు ఎలా కరుగుతుంది సార్?” అని అడిగాడట ఈయన.

“మంత్రిగారి సమక్షంలో” అన్నారట ఆయన.

“ఎనిమిదేళ్లు ఎండలో పెట్టినా నావల్ల కాలేదక్కా” అంటూ షాపాయన వెళ్లి, ఖాళీగా ఉన్న అద్దాల పెట్టెలో ఆ పేపర్ ముక్క అంటించుకున్నాడు. ఆయన మంచివాడు. నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

నాలుగో రోజు పిట్ట మూడో తరగతికి వెళ్తున్నట్టు కాగితం వచ్చింది. ఐదో రోజు నాకూ ఒకటి వచ్చింది. మిగతా బడుల్లో నోరు విప్పని పిల్లల తరఫున సమాధానాలు చెప్పడానికి, అనుభవజ్ఞురాలైన తల్లిగా నన్ను పిలుస్తున్నారు. మా ఇంటికొచ్చి తల్లీకూతుళ్ల ఫొటో తీసుకుంటారట. అదీ ఎల్లుండేనట. కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుందని అందులోనే రాశారు.

ఆరో రోజు మధ్యాహ్నం పిట్ట పక్కన కూర్చున్నాను.

“చాలమ్మా. పై తరగతికి పంపించేశారు, ఇంక నిన్ను ఎవరూ ఏమీ అడగరు. ఇది షాపు మామయ్యది కదా. ఆయనకి ఇచ్చేద్దామా?”

పలకలేదు.

“పోనీ, ఎప్పుడు ఇద్దామో నువ్వే చెప్పు.”

పలకలేదు. నేను చొక్కాలు ముందేసుకున్నాను. రెండు చొక్కాలకు గుండీలు కుట్టడం అయింది. మూడో చొక్కా అందుకున్నాను. ఎండ కిటికీ గట్టుమీంచి జారి నేలమీదికి వచ్చింది. పిట్ట లేచి, పళ్లేన్ని రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకుని, ఎండ ఉన్నచోట నేలమీద పెట్టింది. గడ్డ కింద వేలు పెట్టి చూసుకుంది. వేలు పొడిగానే ఉంది.

“కరిగాక ఇచ్చేస్తానమ్మా” అంది.