ట్విడేల్ అవ్వ కోసం ర్యాంపు

మా ఇంట్లో కుర్చీల కంటే గుర్రపు నాడాలు ఎక్కువ. టోపీలు తగిలించే కొయ్య నాడాలతో చేసిందే. సీసాలు పెట్టే స్టాండూ నాడాలే. గుమ్మం దగ్గర బూట్ల బురద గీకే చట్రమూ నాడాలే. వాన బురద చూసి మూడేళ్ళయింది కాబట్టి, ఇప్పుడు దాని మీద కోళ్ళు కూచుంటున్నాయి. ఇవన్నీ నా చేతిపనులే. పొలం పనులు అయ్యాక కొలిమి దగ్గర సరదాగా సుత్తి పట్టడం నా అలవాటు. పొలం పనులు కాకముందే పట్టడం నా అలవాటని మా ఆవిడ నోరీన్ అంటుంది.

నా పనితనం గురించి ఊళ్ళో రకరకాలుగా చెప్పుకుంటారు. నేను చేసిన కత్తి వెన్నలో దిగి వంగిపోయిందంటారు. అది అబద్ధం. ఆ వెన్న ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసింది. నేను పెట్టిన గేటు బరువుకి స్తంభమే పక్కకి ఒరిగిందంటారు. అది నిజమే కానీ, తప్పు స్తంభానిది.

పక్క పొలం రోలీతో పోలిస్తే నేను విశ్వకర్మని. వాడు వెల్డింగ్ చేస్తే అతుకు మీద కాకి కూర్చుని లేచినట్టుంటుంది. అందుకే వాణ్ణి కాకిరెట్ట రోలీ అంటాం. పేరు పెట్టింది నేనే, వాడికి తెలుసు, ఏమీ అనుకోడు.

సరే, అసలు సంగతికొస్తాను. మా వైపు వాన కురవక మూడో ఏడు నడుస్తోంది. గడ్డి అన్న మాట మర్చిపోయాం. నోరీన్ పొద్దున్నే ట్రాక్టరు వేసుకుని వెళ్ళి ముల్గా చెట్లు పడగొడుతుంది, ఆవులు ఆ ఆకు తింటాయి. మధ్యాహ్నం చెరువు దగ్గరికి వెళ్ళి, అడుగు బురదలో కూరుకుపోయిన వాటిని తాడు కట్టి లాగుతుంది. సాయంత్రం వచ్చి ఒకే మాట అంటుంది.

"అమ్మేద్దాం, మెర్వ్."

"వాన వస్తుంది. చీమలు గోడెక్కుతున్నాయి."

"అవి మూడేళ్ళుగా ఎక్కుతున్నాయి. ఈపాటికి చంద్రుడి మీద ఉండాలి."

ఆ ఆవులు మామూలు ఆవులు కావు. మా నాన్న మొదలుపెట్టిన మంద అది. ప్రతి దూడా పుట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ప్రూడెన్స్ అని ఒక ముసలి ఆవు ఉంది, అది ముందు నడిస్తే మిగతావన్నీ వెనక నడుస్తాయి. నన్ను చూస్తే వచ్చి జేబులో మూతి పెడుతుంది. దాన్ని లారీ ఎక్కించమంటే ఎలా ఎక్కిస్తాను?

ఒకరోజు నోరీన్ ముందు గదిలో ఫోన్ పెట్టేసి వచ్చి, "లారీకి చెప్పాను, వచ్చే వారం వస్తుంది" అంది. నేను సరేనన్నాను. మరునాడు ఆమె చెరువు వైపు వెళ్ళగానే గ్రైండర్ పట్టుకుని దొడ్డి దగ్గరికి వెళ్ళాను. అక్కడే ఆవుల్ని లారీలోకి ఎక్కించే పాత ర్యాంపు ఉంది. దాని ముందు కాలొకటి నున్నగా కోసేశాను. ర్యాంపు తాగిన వాడిలా ఒక పక్కకి వాలింది. కోసిన చోట ఉప్పునీళ్ళు పూసి, మట్టి రుద్దాను. రెండు రోజుల్లో చక్కటి తుప్పు పట్టింది. నేను చేసిన పనుల్లో అనుకున్నట్టు కుదిరింది అదొక్కటే.

"అయ్యో, నోరీన్, ర్యాంపు కాలు తుప్పు పట్టి విరిగింది" అన్నాను.

ఆమె వచ్చి వంగి చూసింది. చాలాసేపు చూసింది. "పాపం, ఎప్పటినుంచి తింటోందో" అంది. లారీకి ఫోన్ చేసి ఇప్పుడే రావద్దంది.

ర్యాంపు లేకపోతే ఆవుల్ని లారీ ఎక్కించలేం. రోలీ దొడ్డిలో గట్టి ర్యాంపు ఉంది కానీ, అక్కడిదాకా నడిపిస్తే దారిలోనే సగం పడిపోతాయి. కాబట్టి నేను గెలిచాననుకున్నాను.

"ఆ కాలు ఎప్పుడు అతుకుతావు?" అనేది నోరీన్.

"ఇవాళ అగ్గి నిషేధం. నిప్పురవ్వ ఎగిరితే జిల్లా అంతా తగలబడుతుంది. నేను చట్టానికి కట్టుబడే మనిషిని."

"మరి కొలిమిలో బొగ్గులు ఏం చేస్తున్నాయి, ప్రార్థనా?"

"అది షెడ్డు లోపల. పైగా అది సరదాకి. నిషేధం పనికే."

నిషేధం లేని రోజున సరైన వెల్డింగ్ రాడ్డు లేదన్నాను. రాడ్డు తెప్పిస్తే తేమ పట్టిందన్నాను. "ఈ ఊళ్ళో తేమ దొరికిందా, చెరువులో పోద్దాం ఇవ్వు" అంది. తర్వాత నడుం నొప్పన్నాను. నడుం నొప్పితోనే షెడ్డులో కూచుని ఇనప గులాబీ ఒకటి మొదలుపెట్టాను.

ఒక సాయంత్రం ఆమె షెడ్డు గుమ్మంలో నిలబడింది. మోకాళ్ళ దాకా బురద. గులాబీని చూసింది, నన్ను చూసింది.

"లేచి నిలబడలేని ఆవుని లారీవాడు ఎక్కించుకోడు, మెర్వ్. నీకు తెలుసుగా."

"తెలుసు."

"ఎక్కించుకోకపోతే వాటికి మిగిలేది తుపాకీ. ఇవాళ రెండింటిని కాల్చాను. నువ్వు సుత్తి కొడుతున్నావు, వినపడి ఉండదు."

వినపడింది. అందుకే గట్టిగా కొట్టాను. కానీ ఆ మాట ఆమెతో అనలేదు. ఆమె వెళ్ళాక గులాబీకి ఇంకో రేకు చేశాను. అది విరిగిపోయింది.

ఆ తర్వాత వారం రోజులు ఆవిడ అమ్మే మాట ఎత్తలేదు. నాకు అనుమానం రావలసింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె ఒక మాట వదిలేసిందంటే ఇంకో మాట పట్టుకుందనే అర్థం. కానీ నేను చీమల్ని చూసుకుంటూ ఉన్నాను.

ఆదివారం ట్విడేల్ అవ్వ టీకి వచ్చింది. మా ఊరి హాలు కమిటీకి ఆమే పెద్ద. చేతికర్ర పట్టుకుని, మూలుగుతూ కుర్చీలో కూలబడింది.

"ఆ హాలు మెట్లు ఎక్కలేకపోతున్నాను నాయనా. నాలుగడుగుల ఎత్తున కట్టారు మహానుభావులు. నాలాంటి వాళ్ళ కోసం ర్యాంపు ఒకటి కావాలంటున్నారు కమిటీలో. రోలీ చేస్తానన్నాడు."

నా చేతిలో కప్పు ఆగిపోయింది. "రోలీ? వాడు అతికిన దాని మీద నువ్వు నడుస్తావా?"

"ఏం చేస్తాం, నీకు అగ్గి నిషేధం కదా" అంది నోరీన్, కేకు కోస్తూ.

"షెడ్డు తలుపులు మూసుకుని చేస్తే నిషేధం లేదు" అన్నాను. చట్టం ఎంత చక్కగా వంగుతుందో నాకే ఆశ్చర్యమేసింది.

మర్నాటి నుంచి మొదలుపెట్టాను. నడుం నొప్పి పోయింది. రాడ్డు తేమ ఆరిపోయింది. నోరీన్ రోజూ ట్రాక్టరు దిగగానే షెడ్డుకి వచ్చి, కమిటీ ఏమందో చెప్పేది.

"వెడల్పు ఎక్కువొద్దన్నారు. సగం ఎక్కి వెనక్కి తిరిగితే కష్టం."

"అవ్వ సగంలో వెనక్కెందుకు తిరుగుతుంది?"

"పర్సు మర్చిపోతుంది. వయసు."

నిజమే కదా అనిపించింది. వెడల్పు తగ్గించాను.

"అటూ ఇటూ రేకు కొట్టెయ్. పక్కకి చూస్తే ఆవిడకి కళ్ళు తిరుగుతాయి. నేల మీద అడ్డకమ్మీలు వెయ్, జారకుండా. ఎక్కడా గలగలమనకూడదు, శబ్దం చేస్తే బెదురుతుంది."

"రేకు ఎంత ఎత్తు?"

"నీ ఛాతీ దాకా."

"అవ్వ నా మోచేతి ఎత్తు లేదు."

"టోపీ పెట్టుకుంటుంది, మెర్వ్."

నలభై ఏళ్ళు పశువులు మేపిన మనిషిని. ఎద్దు అడుగు చూసి దాని బరువు చెప్పగలను. ఆ కొలతలు నాలుగు వారాలు నా కళ్ళ ముందే ఉన్నాయి. రోలీ చేయబోయే పని నేను చేస్తున్నానన్న సంతోషంలో నాకేమీ కనపడలేదు. పొగడ్తకి పొంగినవాడికి బుర్ర అటకెక్కుతుందని మా నాన్న ఊరికే అనలేదు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. అది బాగా కుదిరింది. అతుకులు ఒక్కటొక్కటీ గ్రైండర్ పెట్టి నున్నగా చేశాను. అడుగున ఎక్కడా వెలుతురు పడే సందు ఉంచలేదు. చేతిపిడి చివర్లు కొలిమిలో కాల్చి, దాగలి మీద వంచి, ద్రాక్షతీగల్లా చుట్టలు చుట్టాను. అవ్వ చెయ్యి అక్కడ ఆనుతుందని అంచులు గుండ్రం చేశాను. నోరీన్ ఆ చుట్ట మీద వేలితో రాసి వెళ్ళిపోయింది. మెచ్చుకుందనుకున్నాను.

"హాలు వాళ్ళు రేపు లారీ పంపుతారు. దొడ్డి గేటు దగ్గర పెట్టు, అక్కడైతే లారీ తిరగడానికి చోటుంటుంది" అంది.

నేనే ట్రాక్టరుతో లాక్కెళ్ళి పెట్టాను. పాతదాన్ని నేనే పక్కకి ఈడ్చేశాను. గేటుకి సరిగ్గా అతికినట్టు కూర్చుంది. "చూశావా, ఎక్కడ పెట్టినా కుదురుతుంది" అన్నాను. నా నోటితో నేనే అన్నాను ఈ మాట.

పొద్దున్నే లారీ వచ్చింది. హాలు వాళ్ళకి రెండంతస్తుల లారీ ఎందుకా అనుకున్నాను. డ్రైవరు దిగాడు. ఆరున్నర అడుగుల మనిషి, అందుకని వాణ్ణి పొట్టోడంటారు. నాకు టోపీ ఎత్తి దణ్ణం పెట్టి, లారీని వెనక్కి తోలి ర్యాంపుకి ఆనించాడు. లారీ నేలకీ, ర్యాంపు అంచుకీ వెంట్రుకవాసి తేడా లేదు. నాలుగడుగులు.

అప్పుడు దొడ్డిలోకి చూశాను. మంద అక్కడే ఉంది. నేను నిద్ర లేవకముందే నోరీన్ తోలుకొచ్చింది.

"నోరీన్" అన్నాను.

"గేటు తీస్తావా, నేను తియ్యనా?" అంది.

నేను కదల్లేదు. ఆమే తీసింది. ప్రూడెన్స్ ముందుకొచ్చింది. ర్యాంపు మొదట్లో ఆగి వాసన చూసింది. పశువుకి సందు కనిపిస్తే ఆగుతుంది, చప్పుడైతే బెదురుతుంది. అక్కడ సందూ లేదు, చప్పుడూ లేదు. నా చేతి వాసన ఉందేమో. కాలు పెట్టి మెల్లిగా ఎక్కేసింది. దాని వెనక మిగతావన్నీ, డొక్కలెగరేసుకుంటూ, ఒకదాని తర్వాత ఒకటి ఎక్కాయి. ఒక్కటీ వెనక్కి తిరగలేదు. ఒక్కటీ పర్సు మర్చిపోలేదు.

కుర్రవి దక్షిణాన గడ్డి ఉన్న చోటికి వెళ్ళాయి. ముసలివి ఎక్కడికి వెళ్ళాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

పొట్టోడు తలుపు బిగించి, ద్రాక్షతీగ చుట్టని నిమిరాడు. "ఇన్నేళ్ళలో ఇంత నెమ్మదిగా ఎక్కిన మందని చూళ్ళేదు. కర్ర ఎత్తే పనే పడలేదు. ఎవరు చేశారిది?"

"మా ఆయన" అంది నోరీన్.

జీవితంలో నా పనిని ఒకడు మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఏం చెయ్యాలో తెలియక థాంక్స్ అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

లారీ దుమ్ము అణిగాక ఇద్దరం గేటు దగ్గర నిలబడ్డాం.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"చూసిన రోజే. తుప్పు స్కేలు పెట్టి గీసినట్టు కోయదు."

"అడగొచ్చుగా."

"అడిగితే ఏడ్చేవాడివి. అతుకుతానని మాటిచ్చి ఇంకో కాలు కోసేవాడివి. నాకు ముల్గా కొట్టే పనుండేది, నిన్ను ఓదార్చే తీరిక లేదు." లారీ వెళ్ళిన దారి చూస్తూ, "నాకూ ప్రూడెన్స్ అంటే ఇష్టమే, మెర్వ్. అది లేచి నిలబడగలిగినప్పుడే వెళ్ళాలనుకున్నాను" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకోబోతే, గ్లవ్స్ తీసి నా చేతిలో పెట్టి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

తర్వాత వారం హాలుకి వెళ్ళాను. ట్విడేల్ అవ్వ రెండు చేతుల్లో రెండు కేకులు పట్టుకుని ఒక్కో అంగలో రెండేసి మెట్లు ఎక్కుతోంది. నన్ను చూసి ఆగి, మూలగడం గుర్తు తెచ్చుకుని, కొంచెం మూలిగింది. ఫర్వాలేదవ్వా అన్నాను.

వాన ఇంకా రాలేదు. కానీ పొట్టోడు నోరు ఊరుకుంటుందా, ఊరూరా చెప్పాడు. ఇప్పుడు జిల్లాలో మంచి ర్యాంపు కావాలంటే అందరూ నా దగ్గరికే వస్తున్నారు. నా చేతిపనికి ఇంత గిరాకీ రావడానికి జిల్లాలోని ఆవులన్నీ వెళ్ళిపోవలసి వచ్చింది.

నిన్న కాకిరెట్ట రోలీ వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని, షెడ్డు గుమ్మంలో కాలితో నేల గీస్తూ నిలబడ్డాడు.

"మా ర్యాంపు పడిపోయిందిరా. చెదలు. ఒక కాలు మొత్తం తినేశాయి."

వాడి ర్యాంపు కాలు ఇనపది. ఆ చెదల దగ్గర గ్రైండర్ ఉందని నాకు అర్థమైంది.

"నువ్వే అతుక్కోవచ్చుగా?"

"నేను అతికితే నిలవదంటోంది మా ఆవిడ డోరిస్. నీతోనే చేయించాలట. ఇదిగో కొలతలు తియ్యమని టేపిచ్చి పంపింది." వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నువ్వు నిదానంగా చెయ్యరా. తొందరేం లేదు."

వాణ్ణి చూస్తే నన్ను నేను చూసుకున్నట్టుంది. కొలిమి మీద నీళ్ళు చల్లి, "ఇవాళ అగ్గి నిషేధం కదరా" అన్నాను.

రోలీ ఊపిరి వదిలాడు. నాడాల కుర్చీలో కూచున్నాడు. ఆ కుర్చీ మొదటిసారి ఎవరినో మోసింది.

వంటింటి కిటికీ తెరుచుకుంది. "నిషేధం నిన్నటితో అయిపోయింది, రోలీ. రేడియోలో చెప్పారు" అంది నోరీన్. "డోరిస్ ఫోన్ చేసింది. టీ పెడుతున్నాను, కొలతలిచ్చి తాగి వెళ్ళు."

కిటికీ మూసుకుంది. రోలీ నావైపు చూశాడు. నేను బొగ్గులు కదిపి మళ్ళీ నిప్పు రాజేశాను.

"వెడల్పెంత?" అన్నాను.

"ఒక్క ఆవు పట్టేంత" అన్నాడు.