కరెంటు తీసిన శుభముహూర్తం

ఒక పెద్ద అడవిలో జలపాతం దగ్గర కరెంటు పుట్టించి గుహగుహకీ పుట్టపుట్టకీ ఇచ్చారు. ఇచ్చారనడం మర్యాద కోసం. అది రోజుకు నాలుగుసార్లు పోయేది. తిరిగొచ్చినప్పుడల్లా అందరూ పంచాయతీకి దణ్ణం పెట్టుకోవాలి.

పక్షులు సొంతంగా గుడ్లు పొదగడం మోటుతనమని ఆ పంచాయతీ తీర్మానించింది. గుడ్లన్నీ సర్కారు పొదుగుశాలలో అప్పజెప్పి రసీదు తీసుకోవాలి. అక్కడ బల్బుల కింద అవి వెచ్చగా ఉంటాయి, కరెంటు ఉన్నంతసేపూ.

చుక్కమ్మ అనే కౌజుపిట్ట కిందటేడు ఆరు గుడ్లు అప్పజెప్పింది. కరెంటు పోయి ఆరూ చల్లబడ్డాయి. ఈ ఏడాది ఏడు గుడ్లు అప్పజెప్పక తప్పలేదు. అందుకని పంచాయతీ గుమ్మం పట్టుకుని వేళ్లాడి జనరేటరు మంజూరు చేయించింది. పొదుగుశాల వెనక దాన్ని దింపిన రోజున పాపం సంతోషంతో ఏడ్చేసింది.

"ఇక కరెంటు పోగానే తిప్పేస్తారా అయ్యా?"

"ప్రారంభోత్సవం కాకుండానా?" అని కార్యదర్శి కొండముచ్చు కళ్లు పెద్దవి చేశాడు. "అధ్యక్షులవారి చేతుల మీదుగా జరగాలి తల్లీ."

అధ్యక్షులవారు ఎలుగుబంటి. తేనె తాగడం, తాగాక మాట్లాడటం, ఇదే ఆయన చేసే ప్రజాసేవ.

ఆ రోజు రానే వచ్చింది. జనరేటరుకు దండ వేసి, కింద నిమ్మకాయ పెట్టి, చుట్టూ నాలుగు వైపులా అధ్యక్షులవారు నవ్వుతున్న ఫ్లెక్సీలు బిగించి కట్టారు.

"దానికి గాలి ఆడాలండీ, పొగ బయటికి పోవాలి," అని ఇంజనీరు పందికొక్కు నసిగాడు. చిన్నప్పటి నుంచీ వైర్లు కొరికిన అనుభవంతో ఆయనకా ఉద్యోగం వచ్చింది.

"అయితే అధ్యక్షులవారి మొహానికి కన్నం పెట్టమంటావా?" అన్నాడు కొండముచ్చు. పందికొక్కు ఫ్లెక్సీ తాళ్లు ఇంకాస్త బిగించాడు. ఆయన ప్రమోషను ఫైలు కొండముచ్చు దగ్గరే ఉంది.

అంతా సిద్ధమైంది గానీ కరెంటు పోలేదు. పదయింది, పదకొండయింది. అడవి పుట్టాక అంత బుద్ధిగా కరెంటు నిలబడింది ఆ ఒక్క పూటే.

"కరెంటుండగా జనరేటరు ప్రారంభిస్తే నలుగురూ నవ్వరూ?" అని ఎలుగుబంటి విసుక్కున్నాడు.

కొండముచ్చు సైగ చేశాడు. పందికొక్కు పరుగెత్తాడు. పొదుగుశాలలో బల్బులు ఆరిపోయాయి. సభలో చప్పట్లు మోగాయి.

"అయ్యా, నా గుడ్లు. బేగి తిప్పండయ్యా," అంది చుక్కమ్మ.

"ముందు ప్రసంగం."

'వెలుగు వైపు మన అడుగులు' అనే విషయం మీద ఎలుగుబంటి రెండు గంటలు మాట్లాడాడు. ముందు వరసలో తొండ సభ్యుడు మాటమాటకీ తలూపాడు. చుక్కమ్మ లోపలికి వెళ్లి గుడ్లు తాకి చూసింది. గోరువెచ్చగా ఉన్నాయి. ఇంకోసారి వెళ్లేసరికి ఆ కాస్త వేడీ పోతోంది.

చివరికి ఎలుగుబంటి మీట నొక్కాడు. జనరేటరు గర్జించింది. పొగ బయటికి పోయే దారిలేక ఫ్లెక్సీల్లో అధ్యక్షులవారి బుగ్గలు ఉబ్బాయి, ముక్కులు నల్లబడ్డాయి. అయిదు నిమిషాల్లో జనరేటరు నాలుగుసార్లు దగ్గి ఆగిపోయింది.

"కరెంటు వెయ్యవయ్యా!" అని కొండముచ్చు అరిచాడు.

"ఎలా వేసేదండీ? తియ్యమన్నారు, కొరికేశాను," అన్నాడు పందికొక్కు. "స్విచ్చుల పని మా వంశంలో లేదు."

చుక్కమ్మ రసీదు చించి అవతల పారేసింది. పొదుగుశాలలోకి వెళ్లి ఏడు గుడ్ల మీదా రెక్కలు పరిచి కూర్చుంది.

"లేమ్మా, ఇది నిబంధనలకు విరుద్ధం," అన్నాడు కొండముచ్చు.

"కిందటేడూ ఇలాగే కూర్చుంటే మీరు లెమ్మన్నారు, లేచాను. ఆరుగురు పిల్లలు పోయారు. ఇప్పుడు లేవను. కావాలంటే మెడ పిసికి అవతల పారెయ్యండి."

ఆ గొంతు విని తొండ కూడా తలూపడం మానేశాడు.

వైరు అతకడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ చుక్కమ్మ కదల్లేదు. పదో రోజున ఏడు గుడ్లూ పగిలి ఏడు పిల్లలు బయటికొచ్చాయి.

మర్నాడు పంచాయతీ రెండు కాగితాలు పంపింది. అనుమతి లేకుండా పొదిగినందుకు చుక్కమ్మకు నోటీసు ఒకటి. జనరేటరు వల్ల ఏడు ప్రాణాలు నిలిచాయి గనక ఇంకో జనరేటరు మంజూరైందని, ప్రారంభోత్సవానికి పిల్లలతో సహా వచ్చి ముందు వరసలో కూర్చోవాలని రెండోది.

నీతి: గుడ్డును పెట్ట కింద పెడితే పిల్లవుతుంది, పథకం కింద పెడితే విజయమవుతుంది.