వారంటీలో వెళ్లిపోయిన డైరీ

ప్రతి ఆడపిల్లా తన డైరీని ఒక్కసారైనా ముక్కూమొహం తెలియని కంపెనీకి పోస్టులో పంపాలి! అప్పుడు గానీ మనసు తేలికపడదు.

నవ్వకండి. పంపినదాన్ని కనుకే చెబుతున్నాను.

కెనడాలోని సస్కాచెవాన్‌లో మాది నూట నలభై మంది ఊరు. నేను నోరు విప్పని పిల్లనని మిగతా నూట ముప్పై తొమ్మిది మందికీ తెలుసు. వాళ్ల మాటలకు అప్పటికప్పుడు ఇవ్వలేకపోయిన జవాబులన్నీ ఇంటికొచ్చి డైరీలో రాసుకుంటాను. మూడేళ్ల జవాబులు, పేర్లతో సహా! కాగితం మీదైతే దొరికిపోతానని తెలివిగా హార్డ్‌డిస్కులో దాచాను. జనవరిలో అది టిక్కుటిక్కుమని ఆగిపోయింది. తెరుచుకోదు, తుడవడానికీ లేదు.

అదృష్టం, వారంటీ ఉంది! బదులు డిస్కు ఉచితం. షరతు ఒక్కటే: పాతది చెక్కుచెదరకుండా పంపాలి.

మా నాన్న ఓరెస్ట్‌కు పాడైన యంత్రాలకు తెలిసిన వైద్యం ఒకటే.

"షెడ్డులోకి తేవే. డ్రిల్లుతో ఒక్క బెజ్జం పెడతా. ఇక దేవుడు కూడా చదవలేడు."

"వారంటీ పోతుంది నాన్నా!"

"అయితే చదవనీ. నా గురించి గానీ రాశావా ఏంటి?"

ఆయనకు నాలుగు పేజీలు కేటాయించాను.

పోస్టాఫీసులో వేరా ఆంటీ డబ్బాను చెవి దగ్గర పెట్టి ఊపింది. "ఏముందమ్మా లారిస్సా ఇందులో?"

"ఏం లేదాంటీ."

"ఏం లేనిదానికి ఇంత టేపు చుట్టావా తల్లీ!"

ఆవిడవి ఆరు పేజీలు.

అయినా ఎన్ని లాభాలు! నాకు తొలి పాఠకులు దొరికారు! పైగా కంపెనీ కాగితం మీద అచ్చేసి ఉంది: 'మీ సమాచారం మాకెంతో విలువైనది.' మా ఊళ్లో నా మాటను అంత విలువైనదని ఎవరైనా, ఏనాడైనా అన్నారా?

మూడు వారాలకు బదులు డిస్కు వచ్చింది. కొత్తది కాదు, ఎవరో తిప్పిపంపితే బాగుచేసినది. లోపల ఉన్నది తుడవడం మరిచిపోయారంతే. డొలొరెస్ అనే ఒకావిడ చెల్లెలికి రాయబోయిన క్షమాపణ ఉత్తరం అది. ఇరవై రెండు సార్లు మొదలుపెట్టింది, ఒక్కసారీ ముగించలేదు.

ఒక్కటి చదివి మూసేద్దామనుకున్నాను. అన్నీ చదివాను. పదిహేడోది బాగుంది. దాన్ని ఇంకొక్కసారి చదివి తుడిచేద్దామనుకునేలోగా, మళ్లీ టిక్కుటిక్కు!

కంపెనీ మళ్లీ అదే మాట చెప్పింది. చెక్కుచెదరకుండా పంపితే ఇంకొకటి ఉచితం. ఎంత మంచి అవకాశం! డొలొరెస్‌కు ఇంకొక పాఠకుడు! నాదాన్ని ఈపాటికి ఎవరు చదువుతున్నారో, వాళ్లకు ఏ పేజీ బాగుందో!

డిస్కు పట్టుకుని షెడ్డుకు వెళ్లాను.

"నాన్నా, బెజ్జం పెట్టు."

"వారంటీ పోతుందే!"

"పోనీ."

ఆయన కళ్లజోడు పైకి నెట్టి నావైపు చూశాడు. "ఒకటి చాలా?"

"ఇరవై రెండు."