కారుతో మాట్లాడితే జరిమానా లేదు

మా ఊరి అభివృద్ధి కమిటీ తీర్మానం ప్రకారం బుచ్చయ్య ఇంటివాళ్లతో ఎవరూ మాట్లాడకుండా మూడు నెలలు దిగ్విజయంగా పూర్తి చేశామని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. కోరుట్లకూ మల్లాపూర్‌కూ మధ్య ఇంత క్రమశిక్షణ గల ఊరు ఇంకొకటి లేదు. బుచ్చయ్య చేసిన నేరం చిన్నదేమీ కాదు. కమిటీ కట్టించిన స్వాగత తోరణం కింద గడ్డి ట్రాక్టర్ పట్టడం లేదని నలుగురిలో అనేశాడు. పట్టని మాట నిజమే, అయినా అనవచ్చునా? అతనితో గానీ, భార్య రాజవ్వతో గానీ, కూతురు స్వర్ణలతతో గానీ మాట్లాడినవారికి ఐదు వేలు జరిమానా విధించాం. కమిటీ కార్యదర్శిగా ఆ తీర్మానం రాసింది నేనే. అక్షరాలు గుండ్రంగా కుదిరాయి.

బుచ్చయ్య పక్కిల్లు భూమేశ్‌ది. పదకొండేళ్లు దుబాయ్‌లో క్రేన్ నడిపి, ఇక పోయేది లేదని ఒట్టేసుకుని, కూడబెట్టిందంతా పెట్టి కరెంటు కారు కొన్నాడు. రోజూ నలుగురు టీచర్లను కోరుట్ల నుంచి జగిత్యాలకు తీసుకుపోయే పని కుదిరింది. కారు నడిస్తే ఊళ్లో ఉంటాడు, నడవకపోతే మళ్లీ విమానమే. సోమవారంలోగా ఏదో ఒకటి తేల్చమని వీసా ఏజెంటు తొందరపెడుతున్నాడు.

కారుకు పూజ ఘనంగా చేశాం. బానెట్ లేపి చూస్తే ఇంజన్ లేదు. భూమేశ్ తల్లి భూమవ్వకు దిగులు పట్టుకుంది.

"ఇంజనే లేని బండికి బొట్టు ఏడ పెట్టాలె కొడుకా?"

కమిటీ చైర్మన్ శ్యాంసుందర్ గారు అప్పటికప్పుడు పరిష్కారం చూపించారు. ఎక్కువ తీగలు ఎక్కడికి పోతే అదే ముఖ్యమైన చోటని తేల్చి, అక్కడున్న కనెక్టర్‌ను ఊడదీయించి, లోపల పసుపు పెట్టించి, కొబ్బరినీళ్లు ధారగా పోయించి మళ్లీ బిగింపజేశారు. అందరం చప్పట్లు కొట్టాం.

పదో రోజు, శనివారం పొద్దున, కారు కదల్లేదు. బ్యాటరీ నిండుగానే ఉంది. బ్యాటరీ కంట్రోలర్ నుంచి సమాచారం అందడం లేదని మాత్రం తెర మీద ఎర్రగా రాసి వచ్చింది. కమిటీ అత్యవసర సమావేశం జరిపింది. చుట్టపుచూపుగా వచ్చిన సిరిసిల్ల సాంచాల మెకానిక్ రాజమల్లు, మరమగ్గానికి పెట్టినట్టే కారుకూ అరగంట చెవి పెట్టి, ఎక్కడో పోగు తెగిందన్నాడు. తర్వాత చైర్మన్ గారు ప్రసంగించారు.

"ఒక్క బండిల ఉన్నంక ఒకదానితోటి ఒకటి మాట్లాడుకోవాలె. మాట బంద్ పెట్టుకుంటె బండి ఎట్ల నడుస్తది? గీ బ్యాటరీకి గింత బుద్ధి లేదా?"

ఆ మాటలకు మా కళ్లు చెమర్చాయి. గోడ అవతల రాజవ్వ నవ్వినట్టు వినిపించింది. నవ్వు మీద మన తీర్మానంలో ఏమీ లేదని నేను చైర్మన్ గారి చెవిలో చెప్పాను.

కంపెనీకి ఫోన్ చేస్తే వ్యాను రావడానికి పన్నెండు రోజులు పడుతుందన్నారు. అయితే మీ దగ్గరలోనే మా టెక్నీషియన్ ఉంది, జగిత్యాల వర్క్‌షాప్‌లో చేస్తుంది, మీ ఊరే, పేరు స్వర్ణలత అని కూడా చెప్పారు. మధ్యలో ఉన్నది గోడ ఒక్కటే.

ఆదివారం భూమేశ్ కమిటీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నా బిడ్డ ప్రణీత నన్ను ఫోన్ల సూసుకుంటనే పెరిగింది. ఇప్పుడిప్పుడే దగ్గరికి వస్తంది. మళ్ల పోతే బతకలేను. ఒక్క పూట మాట్లాడనియ్యిండ్రి."

రెండు గంటలు చర్చించాం. తీర్మానం రద్దు చేస్తే కమిటీ పరువు పోతుంది. చివరికి దారి కనిపెట్టింది నేనే. మనుషులతో మాట్లాడకూడదన్నాం గానీ కారుతో మాట్లాడకూడదని ఎక్కడా రాయలేదు. కారు పేరు ఓటర్ల లిస్టులో లేదు. కాబట్టి ఇద్దరూ కారుతో మాట్లాడుకోవచ్చునని ఏకగ్రీవంగా తీర్మానించాం.

తీర్మానం విని స్వర్ణలత పనిముట్ల సంచీ పట్టుకుని వచ్చింది. ఊరంతా చుట్టూ నిలబడింది. నిన్నటి నుంచి ఇదే కథ అని భూమేశ్ బానెట్‌కు మొరపెట్టుకున్నాడు. ముందు చిన్న బ్యాటరీ వైరు తీసి పక్కన పెట్టమని ఆమె హెడ్‌లైట్‌కు చెప్పింది. భూమేశ్ తీశాడు. రెండు సన్నని తీగల మధ్య మీటర్ పెట్టి చూసి, అరవై ఓములు ఉండాల్సిన చోట నూట ఇరవై చూపిస్తోందని, అంటే పెద్ద బ్యాటరీ దాకా తీగ అందడం లేదని, అదే హెడ్‌లైట్‌కు ఓపిగ్గా వివరించింది. తర్వాత కనెక్టర్ ఊడదీసింది. లోపల పసుపు ముద్ద కట్టి, పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

"నీకు కొబ్బరినీళ్లు తాపిచ్చినోళ్లు ఎవరే, కారూ?"

చైర్మన్ గారు మబ్బుల కేసి చూస్తూ ఈసారి వానలెట్లుంటాయోనన్నారు.

స్ప్రే కొట్టి, బ్రష్షుతో రుద్ది, వదులైన పిన్ను మార్చి బిగించేసరికి మీటర్ అరవై చూపించింది. చిన్న బ్యాటరీ వైరు మళ్లీ తగిలించగానే ఎర్ర రాత పోయింది. కారు చప్పుడు లేకుండా ముందుకు కదిలింది. భూమేశ్ దిగి, బానెట్ మీద రెండు చేతులూ పెట్టి ఏడ్చేశాడు.

"నీ కాళ్లు మొక్కుత చెల్లె. నన్ను ఊళ్లె ఉంచినవ్."

"మంచిదన్నా," అంది స్వర్ణలత, అద్దం తుడుస్తూ. "ఇగ బొట్టు అద్దానికి పెట్టుకో."

ఇద్దరూ కారునే చూస్తున్నారు కాబట్టి జరిమానా పడలేదు.

సోమవారం టీచర్లు వేళకే జగిత్యాల చేరారు. సాయంత్రం భూమేశ్ వాకిట్లో జనం బారులు తీరారు. బోరు మోటారు వంతుల దగ్గర చెడి ఆరేళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు హన్మండ్లు, సురేందర్ కారుకు చెరో పక్క నిలబడి, వాళ్లమ్మ మోకాళ్ల నొప్పుల గురించి గంటసేపు దానికి చెప్పుకున్నారు. వెనక అత్తాకోడళ్లున్నారు. రద్దీ చూసి కమిటీ ఒక్కో ఇంటికి అరగంట చొప్పున వేళలు కేటాయించింది.

ఇప్పుడు పక్క ఊళ్ల వాళ్లూ అడుగుతున్నారు. మీకు కావాలన్నా కారు పంపుతాం. మీరొక పక్క, మీరు మాట్లాడని మనిషి ఒక పక్క నిలబడితే చాలు. ఆ మనిషి పేరు ముందే రాసి పంపండి. దయచేసి ఒక్క పేరే రాయండి, జాబితాలు తీసుకోబడవు.