పసుపు టోపీల వెంట

ఆ ఉదయం హోటలు గదిలో పాస్టరుగారు అద్దం ముందు నిలబడి "భయమెందుకు?" అన్న తన ప్రసంగాన్ని వల్లె వేసుకుంటున్నారు. సంఘం వాళ్లు ఏళ్ల తరబడి విని మెచ్చుకున్న ప్రసంగం అది. పరిశుద్ధ స్థలాల యాత్రకు ఆయన వెంట వచ్చిన బృందం పొద్దున, ఒకప్పుడు ఒక అపొస్తలుణ్ణి బంధించారని చెప్పే భూగర్భ చెరసాల చూడాలనీ, మధ్యాహ్నం కొండమీది పాత చర్చిలో ఆరాధన జరుపుకోవాలనీ ఏర్పాటు. ప్రసంగం అక్కడే.

"ఏవండీ, టోపీ పెట్టుకోండి. ఎవరైనా తప్పిపోతే ఆ పసుపు రంగు చూసి పట్టుకోవాలట," అంది పాస్టరమ్మ.

"నేను తప్పిపోవడమేంటి? తప్పిపోయిన వాళ్లని మందలో చేర్చేవాణ్ణి నేను!"

మంచం మీద కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటున్న ఆమె తమ్ముడు కిసుక్కున నవ్వాడు. అతనికి ఫోటో స్టూడియో ఉంది. పెళ్లి ఫోటోలు తీయడానికి తప్ప చర్చి గడప తొక్కడు. ప్రతిదానికీ "రుజువేంటి?" అంటాడని, కళ్లారా చూస్తే గానీ నమ్మనన్న యేసు శిష్యుడి పేరు పెట్టి ఇంట్లో అందరూ తోమా అని పిలుస్తారు. పెట్టెలు మోయడానికి అక్క బతిమాలితే వచ్చాడు.

చెరసాలకు పోయే వీధి ఇరుకు. జనం తోసుకుంటున్నారు. ఎవరి మోచెయ్యో తగిలి పాస్టరుగారి కళ్లజోడు కింద పడింది. ఆయన వంగేలోపు ఎవరి బూటో దాని మీద పడింది. లేచి చూస్తే లోకమంతా పాలల్లో ముంచి తీసినట్టుంది. ఆ మసకలో కొన్ని పసుపు తలలు వరసగా ఒక గుమ్మంలోకి దిగిపోతున్నాయి. "ఆగండమ్మా, వస్తున్నా!" అంటూ వాటి వెంట పడ్డారు.

అవి టోపీలు కావు, హెల్మెట్లు. ఆ తలలు చెరసాల అడుగు గదుల గోడలు బాగుచేసే మేస్త్రీలవి. ముందు నడుస్తున్న మేస్త్రీ వెనక్కి తిరక్కుండానే ఒక బరువైన బకెట్టు అందించాడు. ఇదేదో భక్తికార్యం కాబోలనుకుని పాస్టరుగారు దాన్ని గుండెలకు హత్తుకుని, కీర్తన పాడుకుంటూ మెట్లన్నీ దిగారు. కింద ఒకతను బకెట్టు తీసుకుని వాళ్ల భాషలో ఏదో అన్నాడు. "ఆమెన్," అన్నారు పాస్టరుగారు.

పక్కనే చిన్న కొట్టులాంటి గది కనిపించింది. అపొస్తలుడు ఇక్కడే ఉండి ఉంటాడని ఒళ్లు పులకరించి, లోపలికి వెళ్లి మోకరించి కళ్లు మూసుకున్నారు. ప్రార్థన కొంచెం సాగింది. మేస్త్రీలకు భోజనం వేళ అయింది. పైన తలుపు దడాలున పడింది, లైట్లు ఆరిపోయాయి.

ఆయన కళ్లు తెరిచారు. తెరిచినా మూసినా ఒకటే.

"ఎవరమ్మా అక్కడ?" అన్నారు. ఆయన గొంతే వేరెవరిదోలా తిరిగొచ్చింది. తడి గోడ వేళ్లకు తగిలింది. ఎక్కడో నీటిబొట్టు పడుతోంది. ప్రసంగం గుర్తు తెచ్చుకోబోతే మొదటి మాట ఒక్కటే వచ్చింది: భయమెందుకు? ఆ చీకట్లో ఆ ప్రశ్నకు జవాబులు చాలానే ఉన్నాయి.

అప్పుడు ఊపిరి చప్పుడు వినిపించింది. తనది కాదు. మెల్లగా దగ్గరికొస్తోంది. చల్లని చెయ్యి ఒకటి ఆయన మణికట్టును తాకింది. ఆయన కెవ్వున అరిచారు. ఆ చేతి మనిషీ కెవ్వున అరిచాడు. కానీ చెయ్యి వదల్లేదు, గజగజ వణుకుతోంది. ఇందాక బకెట్టు తీసుకున్నతను కాబోలు, పాపం, తనలాగే చిక్కుకుపోయాడు. తెలుగు ముక్క రానివాడు. ఇక దాచేదేముంది?

"ప్రభువా, నాకు భయంగా ఉంది," అన్నారు పాస్టరుగారు. "ఇవాళే కాదు, ఎప్పుడూ భయమే. శవం దగ్గర ప్రార్థన చేసొచ్చిన రోజు లైటు వేసుకుని పడుకుంటాను. జబ్బుమనిషి తలమీద చెయ్యిపెట్టి 'లేస్తావమ్మా' అంటాను, లేవకపోతే వాళ్లింట్లో ఏం చెప్పాలా అని లోపల చచ్చిపోతుంటాను. నువ్వు వింటున్నావో లేదో కూడా నాకు తెలీదు. వింటుంటే ఈ అబ్బాయినైనా బయట పడెయ్యి. నాకన్నా ఎక్కువ వణుకుతున్నాడు."

చాలాసేపటికి తలుపు కిర్రుమంది. లైట్లు వెలిగాయి. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నది తోమా.

"నువ్వా!"

"మీరు దిగడం అక్క చూసింది. పట్టుకు రమ్మంది. నేను దిగగానే తలుపేసేశారు. ఫోనేమో మెట్ల మీద ఎక్కడో జారిపోయింది."

"మరి నోరు తెరవలేదేం?"

"ముందు నోరు పెగల్లేదు బావగారూ." తోమా తల దించుకున్నాడు. "తర్వాత మిమ్మల్ని మధ్యలో ఆపబుద్ధి కాలేదు."

పైన పాస్టరమ్మ ఏడుస్తూ అప్పటికే ఇంటికి ఫోను చేసింది. "పాస్టరుగారు చెరసాలలో ఉండిపోయారు, ప్రార్థన చెయ్యండి!" అని మాత్రం చెప్పగలిగింది. అక్కడ దాన్ని ఇంకోలా విన్నారు. విశ్వాసం కోసం పాస్టరుగారు అరెస్టయ్యారని సంఘమంతా ఉపవాసం కూర్చుంది. సాయంత్రానికి, ఆయన న్యాయాధికారి ఎదుట కూడా జంకకుండా "భయమెందుకు?" ప్రసంగం చేశారని ఎవరో చెప్పారు. మర్నాటికి అది చూసినవాళ్లు కూడా తయారయ్యారు.

తిరిగొచ్చిన ఆదివారం చర్చిలో కాలు పెట్టే చోటు లేదు. సంఘ పెద్దలు ఆయన పేరుకు ముందు "నిర్భయ సాక్షి" అని రాయించి బ్యానరు కట్టారు. పాస్టరుగారు వేదిక ఎక్కారు. చివరి బెంచీలో తోమా కనిపించాడు. మెడలో కెమెరా లేదు. చెప్పేస్తాడేమో! చెప్పకపోతే? తనే రోజూ ఈ బ్యానరు కింద నిలబడాలి. అది తలుచుకుంటే ఆ చీకటే నయమనిపించింది.

"నన్నెవరూ అరెస్టు చెయ్యలేదు," అన్నారు. "కళ్లజోడు పగిలి తప్పిపోయాను. చాలా భయపడ్డాను. అరిచాను కూడా."

ఇక తన పని అయిపోయిందనుకున్నారు. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ, "నాకూ రాత్రిళ్లు భయమే నాయనా," అంది. ఆరాధన అయ్యాక జనం ఇళ్లకు పోలేదు. ఒక్కొక్కరే వచ్చి, ఎన్నడూ ఎవరికీ చెప్పుకోని భయాలు ఆయన చెవిలో చెప్పుకుని వెళ్లారు.

అందరికన్నా ఆఖర్న తోమా వచ్చాడు.

"ఏమయ్యా, ఇంతకీ దేవుడున్నాడంటావా?" అన్నారు పాస్టరుగారు.

"అది తెలీదు బావగారూ. వచ్చే ఆదివారం ఎన్నింటికి మొదలెడతారు?"

సంఘ పెద్దలు మాత్రం, పాస్టరుగారు నిజంగానే అరెస్టయి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటూ ఉంటారు.