పదకొండు చెట్లకు పద్నాలుగో గడి

ఈ భూమ్మీద చెట్టు మొలవడానికి ఒక విత్తనం, రెండు వానలు చాలు. మొలిచిందని ప్రభుత్వం ఒప్పుకోవడానికి మాత్రం ఇరవై రెండు గడుల ఫారం కావాలి. (వానలు పడ్డట్టు ధ్రువపత్రం అదనం.)

కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ఆకుల మేడమ్ కొండ వెనక వానల అడవిలో ఎవరూ ఎరగని చెట్టును కనిపెట్టింది. అడవంతా జల్లెడ పట్టినా పదకొండే తేలాయి. ఆరేళ్లు కాచుకుని పువ్వు, కాయ, కొమ్మ సేకరించి, కొలిచి, అట్టకు కుట్టి, పేరు పెట్టింది. పేరు నమోదైతేనే అంతరించే జాతుల పట్టికకు ఎక్కుతుంది. పట్టికకు ఎక్కితేనే గొడ్డలి ఆగుతుంది.

నమోదు కార్యాలయం ఫారాన్ని మూడుసార్లు తిప్పి పంపింది. పేచీ అంతా పద్నాలుగో గడి దగ్గరే: "ఉపయోగం". మొదటిసారి ఆమె "తెలియదు" అని రాసింది. తెలియకపోవడం ఉపయోగం కాదన్నారు. రెండోసారి "పక్షులు గూళ్లు కడతాయి" అని రాసింది. పక్షుల అంగీకారపత్రం జతచేయలేదన్నారు. మూడోసారి "నీడ" అని రాస్తే, నీడ వేరే శాఖ కిందికొస్తుందన్నారు.

"చెట్టు ఉందా లేదా అని కంప్యూటర్ అడగదమ్మా," అన్నాడు గుమాస్తా జాలిగా. "ఎందుకుందో చెప్పమంటుంది."

ఆమె కలప అడితి నడిపే బాబాయి దగ్గరికెళ్లింది. ఆయన కొమ్మను గోటితో గీకి, వాసన చూసి, ఎద్దును కొనేవాడు పళ్లు చూసినట్టు తిప్పి తిప్పి చూశాడు.

"ఇంత చదివావు, సరుకు గురించి చెప్పుకోవడం రాదే నీకు. పనికిరానిదాన్ని ఎవడు కాపాడతాడు తల్లీ? చేవ గట్టిది, చెద పట్టదు. గుమ్మాలకు బ్రహ్మాండం. అదే రాయి."

"బాబాయ్, నేను బతికించమని కదా అడిగేది?"

"ముందు ఫారం లోపలికి పోనీ. బతకడం తర్వాత చూద్దాం."

ఆమెకు మనసొప్పలేదు. అయినా రాసింది.

ఆరు నెలలుగా కదలని ఫారం ఆ మధ్యాహ్నమే నాలుగు బల్లలు దాటింది. (ఐదో బల్లవాడు ఎదురొచ్చి మరీ సంతకం పెట్టాడు.) పేరు నమోదైంది. ఇక పట్టికే మిగిలింది. పట్టిక సంఘం ఏడాదికోసారి కూర్చుంటుంది. కలప సంఘం ప్రతి సోమవారం.

సోమవారం టెండరు ప్రకటన వెలువడింది. పదకొండు చెట్లు, ఉన్నచోట ఉన్నట్టుగా. ఎక్కడున్నాయో ఆమె ఫారంలోనే మ్యాపుతో సహా ఉంది కాబట్టి వెతికే శ్రమ కూడా లేదు. ఆమె బాబాయికి ఫోన్ చేసింది. ఆయన ఎత్తలేదు, టెండరు క్యూలో ముందున్నాడు.

ఏడాది చివర పట్టిక సంఘం కూర్చుంది. తమ చరిత్రలో ఇంత త్వరగా పూర్తి అర్హత సాధించిన చెట్టు మరొకటి లేదని ఆమెకు అభినందన లేఖ పంపింది.