బొరియ నిపుణుల వేదిక

ఒక పెద్ద అడవిలో చెట్టుకో సిగ్నలు వచ్చిన కాలం అది. తెల్లారితే చాలు, కోతి నడిపే అడవి గ్రూపు నిండా గులాబీ పువ్వులు, దీవెనలు, చిట్కా వైద్యాలు.

నక్క బావకి ఇది ఒళ్లుమంట. "బొరియ తవ్వడమంటే శాస్త్రమయ్యా. ఈ పువ్వుల కింద పడి నలిగిపోతోంది," అని అందరికీ ఓ దండం పెట్టి బయటికొచ్చేశాడు. ఆ సాయంత్రమే 'బొరియ నిపుణుల వేదిక' అని సొంత గ్రూపు పెట్టి, కుందేలుని అడ్మిన్ చేశాడు.

నియమాలు రాశాడు చూడండీ, చదివినవాళ్లకి చెమటలు పట్టాయి. పువ్వులు పంపరాదు. సొంత గోడు వెళ్లబోసుకోరాదు. మట్టి రకం, లోతు, వాలు చెప్పకుండా ప్రశ్న వేయరాదు. ఒకసారి వేసిన ప్రశ్న మళ్లీ వేయరాదు.

బొరియల్లో ఉండేవాళ్లంతా ఉబలాటంగా చేరారు. చేరి, నోరు మూసుకుని కూర్చున్నారు. నక్క బావ మాత్రం గుమ్మం తూర్పుకా, ఈశాన్యానికా అని వ్యాసాలు రాసుకుంటూ, కుందేలు చేత చప్పట్ల బొమ్మలు పెట్టించుకుంటూ హాయిగా ఉన్నాడు.

తొలకరి పడగానే పందికొక్కు రాసింది. "అయ్యలారా, మా బొరియలోకి నీళ్లొస్తున్నాయి. ఏం చెయ్యమంటారు?"

"మట్టి రకం రాయలేదు," అంది కుందేలు.

"బురదండీ."

"అది రకం కాదు, స్థితి," అని కుందేలు ప్రశ్న తీసేసింది.

పందికొక్కు ఉసూరుమంటూ వెళ్లి పాత గ్రూపులో మొరపెట్టుకుంది. గులాబీలు పంపేవాళ్లంతా పలుగూ పారా పట్టుకొచ్చి గట్టు వేసి, నీళ్లు పక్కకి మళ్లించారు. కోతి ఫొటోలు తీసింది.

వారం తిరక్కుండా వాగు పొంగింది. నక్క బావ వేట నుంచి వచ్చేసరికి గుమ్మం సగం కూలిపోయి ఉంది. లోపల పెళ్లాం, ఇంకా కళ్లు తెరవని పిల్లలు. ఎంత తవ్వినా నీళ్లు ఆగడం లేదు. ప్రాణం గిలగిల్లాడిపోయి వేదికలో రాశాడు. "నల్లమట్టి, రెండు బారల లోతు, దక్షిణం వాలు. నీళ్లొస్తున్నాయి. తొందరగా చెప్పండి."

"ఈ ప్రశ్న ముందే వేశారు బావగారూ. పాతది చూసుకోండి," అంది కుందేలు.

పాతది నొక్కితే 'తొలగించబడినది' అని వచ్చింది.

"దాన్ని తీసేసింది నువ్వే కదే."

"నియమం మీదే కదండీ," అని కుందేలు ఇదీ తీసేసింది.

సిగ్గు చంపుకుని కోతికి ఫోన్ చేశాడు. "నన్ను మళ్లీ చేర్చుకోరా."

"పువ్వులొస్తాయి మరి. తట్టుకుంటావా?"

"తట్టుకుంటాను. పిల్లలు మునిగిపోతున్నార్రా."

కాసేపటికి అడవంతా అక్కడుంది. అందరికంటే ముందు పందికొక్కు వచ్చింది. "మట్టి రకం ఏంటి బావా?" అంది, తవ్వుతూనే. లోపల్నించి పెళ్లాం తడిసి ముద్దయిన పిల్లల్ని ఒక్కొక్కర్నీ బయటికి అందించి తనూ పైకొస్తే, నక్క బావ అందర్నీ గుండెకి హత్తుకుని ఏడ్చేశాడు.

మర్నాడు అడవి గ్రూపులో అందరికంటే ముందు గులాబీ పువ్వు పెట్టింది నక్క బావే. వేదికలో కుందేలు ఒక్కటే మిగిలి, చప్పట్ల బొమ్మలు తనకి తనే పెట్టుకుంటోంది.

నీతి: పొద్దున్నే పువ్వు పంపేవాణ్ణి విసుక్కోకు, వాడింట్లో పార కూడా ఉంటుంది.